పంపినవారి పేరు, వ్రాసినవారి పేరు



ఎన్నికల దినములలో మన ఇంటికి ఎన్నో కరపత్రాలు వస్తాయి. గుర్తు చూస్తాము, ఫోటో చూస్తాము, ప్రక్కన పెట్టేస్తాము. ఈసారి ఒకటి చేతికి వచ్చినప్పుడు దాని అడుగు అంచును కొంచెము పరిశీలించండి. చీమ తలకాయంత అక్షరాలతో ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, వారి చిరునామా ఉంటాయి. అది ప్రెస్సువారు తమ వ్యాపారము కోసము వేసుకున్నది కాదు. 1951 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టము, 127-ఏ సెక్షను ప్రకారము ఆ పేర్లు లేకుండా ఎన్నికల కరపత్రము గాని, పోస్టరు గాని అచ్చు వేయరాదు. ఎందుకంటే అందులో అబద్ధము ఉంటే ఎవరి తలుపు తట్టాలో అధికారులకు తెలియాలి కదా!

అదే చట్టములో 126వ సెక్షను ఒకటి ఉన్నది. పోలింగు ముగిసే సమయానికి 48 గంటల ముందు సభలు, ఊరేగింపులు ఆగిపోవాలి. మైకు బండ్లు నిలిచిపోవడము, ఊరంతా ఒక్కసారిగా నిశ్శబ్దమవడము మనమందరము చూస్తూనే ఉన్నాము. ఓటరు రెండు రోజులు ప్రశాంతముగా ఆలోచించుకోవాలని ఆ ఏర్పాటు. ఖర్చుకు కూడా హద్దు ఉన్నది. 2022లో సవరించిన లెక్క ప్రకారము మన రెండు తెలుగు రాష్ట్రాలలో లోక్‌సభ అభ్యర్థి 95 లక్షల రూపాయలకు, శాసనసభ అభ్యర్థి 40 లక్షలకు మించి ఖర్చు చేయరాదు. అభ్యర్థులు విదేశీ విరాళము స్వీకరించరాదు. ఈ హద్దులను ఎందరు నిజముగా పాటిస్తున్నారన్నది వేరే సంగతి. హద్దు అంటూ ఒకటి ఉన్నది, దాటినవాడిని అడిగే అధికారము ఒకరికి ఉన్నది.

ఈ నియమాలన్నిటికీ పునాది ఒక్కటే. అభ్యర్థి, ప్రెస్సు, డబ్బు, ఓటరు అందరూ ఒకే దేశపు హద్దుల లోపల ఉంటారన్నదే ఆ పునాది. చాలా దేశాలు తమ ఎన్నికల చట్టాలను ఈ నమ్మకము మీదనే కట్టుకున్నాయి. ఇంటర్నెట్టు వచ్చి ఆ పునాదినే కదిలించింది. ఇది పట్నమువారి గొడవ, మనకెందుకు అని అనుకోవద్దు. ఫోను లేని ఇల్లు నేడు మన పల్లెలలో కూడ అరుదు. కాబట్టి ఇతర దేశాలలో ఏమి జరిగిందో తెలుసుకొనుట మంచిది.

డాలర్ల కోసము అబద్ధాలు

మొదట అమెరికా సంగతి చూద్దాము. 2016 అధ్యక్ష ఎన్నికల కాలములో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరములో ఒక కార్యాలయము పని చేసేది. దాని పేరు ఇంటర్నెట్ రీసెర్చ్ ఏజెన్సీ. అక్కడి ఉద్యోగులు అమెరికా పౌరుల పేర్లు పెట్టుకొని, అమెరికావారివలె మాట్లాడుతూ ఫేస్‌బుక్కులో పేజీలు నడిపారు. ప్రకటనలకు సుమారు లక్ష డాలర్లు చెల్లించారు. వాటిలో కొన్నిటికి సొమ్ము రష్యా రూబుళ్ళలోనే అందింది. అయినా తీసుకున్నవారు ఎందుకని అడగలేదు. ఆ కార్యాలయము వ్రాసినవి 12 కోట్ల 60 లక్షల మంది వరకు చూసి ఉండవచ్చునని 2017లో ఫేస్‌బుక్కు తానే అమెరికా పార్లమెంటుకు తెలిపింది. 2018 ఫిబ్రవరిలో 13 మంది రష్యనుల మీద, మూడు సంస్థల మీద అమెరికాలో నేరారోపణ జరిగింది. ఆ కార్యాలయము వెనుక ఉన్న ఎవ్‌గెనీ ప్రిగోజిన్ అనే ధనికుడు అమెరికా ఎన్నికలలో జోక్యము చేసుకున్నామని 2022 నవంబరులో బహిరంగముగానే ఒప్పుకున్నాడు.

ఇది ఒక దేశము మరొక దేశము మీద చేసిన పని. అదే సంవత్సరము మరొక వింత జరిగింది. నేడు ఉత్తర మాసిడోనియా అని పిలువబడుచున్న చిన్న దేశములో వెలెస్ అనే పట్టణము ఉన్నది. అక్కడి కుర్రవాళ్ళు కొందరు అమెరికా ఎన్నికల గురించి 100కు పైగా వెబ్‌సైట్లు నడుపుతున్నారని ఆ నవంబరులో పత్రికలవారు కనుగొన్నారు. వారికి అమెరికా రాజకీయముతో పని లేదు. ట్రంప్ గెలిచినా, క్లింటన్ గెలిచినా వారికి ఒకటే. ఎక్కువమంది నొక్కే వార్తకు ఎక్కువ ప్రకటనల సొమ్ము వస్తుంది. ట్రంప్‌ను పొగిడే వార్తలను, అవి నిజమైనా కల్పితమైనా, జనము ఎక్కువగా నొక్కారు గనుక వారు అవే వ్రాశారు. ఉద్యోగాలు లేని ఊరిలో అది ఒక సంపాదన మార్గమైంది.

ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉన్నది. హద్దులు దాటి వచ్చే అబద్ధము వెనుక ఎప్పుడూ ఒక శత్రుదేశమే ఉంటుందని అనుకోరాదు. ఎక్కడో కూర్చున్న ఒక కుర్రవాని జేబు ఖర్చు కూడా మన ఊరి తగవులకు కారణము కావచ్చును.

నిశ్శబ్దములో వచ్చిన గొంతు

స్లొవాకియాలో 2023 సెప్టెంబరు 30న పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. మనకున్నట్లే అక్కడ కూడ ఓటింగుకు ముందు 48 గంటల నిశ్శబ్దము ఉన్నది. సరిగ్గా ఆ సమయములో ఫేస్‌బుక్కులో ఒక మాటల రికార్డింగు బయటకు వచ్చింది. ప్రతిపక్ష నాయకుడు మిఖాల్ షిమెచ్కా, మోనికా తోదోవా అనే పత్రికా విలేఖరితో ఓట్లు కొనడము గురించి, ఎన్నికను తారుమారు చేయడము గురించి మాట్లాడుతున్నట్లు అది వినిపించింది. ఇద్దరూ అది బూటకమని వెంటనే చెప్పారు. కృత్రిమ మేధతో తయారైన గొంతు గుర్తులు దానిలో ఉన్నవని పరిశీలించినవారు తెలిపారు.

చూడండి, ఎంత విచిత్రము! ఓటరుకు మేలు చేయుటకు పెట్టిన నిశ్శబ్దమే నిందపడినవారికి సంకెలైంది. చట్టమును గౌరవించే పత్రికలు, టీవీలు ఆ రెండు రోజులు గట్టిగా జవాబు ప్రచురించలేవు. చట్టమును లక్ష్యపెట్టనివారి రికార్డింగు మాత్రము ఫోను నుండి ఫోనుకు తిరిగింది. షిమెచ్కా పార్టీ రెండవ స్థానములో నిలిచింది. ఆ రికార్డింగు వల్లనే ఓడిపోయిందని ఎవరూ రుజువు చేయలేదు, మనము కూడ అలా అనరాదు. అయితే కల్పించినవారు దొరకలేదన్నది మాత్రము నిజము. ఆ కరపత్రము అడుగున పేరు లేదు.

రొమేనియాలో జరిగినది

ఇప్పుడు రొమేనియాకు వద్దాము. ఈ దేశము మన పాఠకులకు క్రొత్త కాదు. పధ్నాలుగు సంవత్సరాలు చెరసాలలో గడిపిన రిచర్డ్ వర్మ్‌బ్రాండ్ దేశమది. అక్కడి ప్రజలకు ఓటు ఊరకనే రాలేదు. 1989 డిసెంబరులో తిమిషోరా పట్టణములో లాస్లో తోకెష్ అనే రిఫార్మ్డ్ సంఘ కాపరిని ఇల్లు ఖాళీ చేయించుటకు ప్రభుత్వము పూనుకున్నప్పుడు సంఘస్థులు ఆయన ఇంటి చుట్టూ నిలబడ్డారు. ఇతర సంఘములవారు, ఊరివారు వచ్చి కలిశారు. ఆ చిన్న గుంపు నుండి మొదలైన తిరుగుబాటు పది దినములలో చౌషెస్కు నియంతృత్వమును కూల్చింది. వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తరువాత 1990 మే నెలలో అక్కడి ప్రజలు స్వేచ్ఛగా ఓటు వేయగలిగారు.

అటువంటి దేశములో 2024 నవంబరు 24న అధ్యక్ష ఎన్నిక మొదటి విడత జరిగింది. 94 లక్షలకు పైగా ప్రజలు ఓటు వేశారు. ఫలితము చూసి దేశమే ఆశ్చర్యపోయింది. సర్వేలలో ముందు వరుసలో లేని కాలిన్ జార్జెస్కు అనే స్వతంత్ర అభ్యర్థి 21 లక్షలకు పైగా ఓట్లతో, అనగా సుమారు 23 శాతముతో, మొదటి స్థానములో నిలిచారు. ప్రచారమునకు తాను ఏమీ ఖర్చు చేయలేదని ఆయన లెక్క చూపారు. ఆయన ప్రచారము ఎక్కువగా టిక్‌టాక్‌లో సాగింది. అది మన దేశములో 2020 జూన్ నుండి నిషేధములో ఉన్న చిన్న వీడియోల యాప్. ఇటువంటి యాప్‌లో మనము వెదకనక్కరలేదు. జనము ఎక్కువగా చూస్తున్నట్లు కనబడినదానిని యంత్రమే తెచ్చి మన ముందు పెడుతుంది. కాబట్టి జనము చూస్తున్నట్లు కనిపింపజేయగలిగితే చాలు, మిగిలిన పని యంత్రము చేస్తుంది.

డిసెంబరు 4న రొమేనియా ప్రభుత్వము తన నిఘా సంస్థల రహస్య పత్రాలను బయటపెట్టింది. ఎన్నికకు రెండు వారాల ముందు సుమారు 25 వేల టిక్‌టాక్ ఖాతాలు ఒక్కసారిగా చురుకైనవని, ఒక ఖాతా నుండి ఒక నెలలో 3 లక్షల 81 వేల డాలర్లు ప్రచారకులకు ముట్టినవని అందులో ఉన్నది. ఆ పత్రాలు రష్యా వైపు వేలు చూపినవి. రష్యా దానిని ఖండించింది. డిసెంబరు 6న రాజ్యాంగ న్యాయస్థానము ఎన్నిక మొత్తమును రద్దు చేసింది. నాలుగు దినముల ముందే అదే న్యాయస్థానము మొదటి విడత ఫలితమును ఆమోదించింది. రెండవ విడత ఇంకా రెండు దినములలో ఉన్నది. విదేశాలలో ఉన్న రొమేనియనులు అప్పటికే ఓటు వేయడము ప్రారంభించారు. అన్నీ చెల్లకుండా పోయాయి.

మరి కొన్ని దినములకు ఇంకొక సంగతి తెలిసింది. ఒక మంచి అధ్యక్షుడు ఎలా ఉండాలో చెప్పమని చిన్న చిన్న టిక్‌టాక్ కళాకారులకు డబ్బు ఇచ్చి వీడియోలు చేయించారు. వాటిలో ఎవరి పేరూ లేదు. కాని ఆ వీడియోల క్రింద జార్జెస్కు పేరు కుప్పలుగా వచ్చి పడింది. చేసినవారికే తాము ఎవరికి ప్రచారము చేస్తున్నారో తెలియదు! ఆ పనికి డబ్బు ఇచ్చినది వేరొక అభ్యర్థిని నిలబెట్టిన నేషనల్ లిబరల్ పార్టీ అని పన్నుల శాఖ పరిశీలనలో తేలినట్లు స్నూప్ అనే రొమేనియా పరిశోధక వార్తా సంస్థ వెల్లడించింది. అంటే తప్పంతా హద్దుకు అవతలివారిదే అని చెప్పుటకు వీలులేదు. ఇంటి దొంగ, బయటి దొంగ ఒకే చీకటిలో నడిచారు. ఎవరి అడుగు ఏదో విడదీయుట కష్టమైంది.

నష్టపోయినది ఎవరు?

ఆ రద్దు సరియైనదా కాదా అని నేటికీ వాదన ఉన్నది. ఐరోపా దేశాలకు రాజ్యాంగ విషయములలో సలహా చెప్పే వెనిస్ కమిషను 2025 జనవరిలో తన అభిప్రాయము తెలిపింది. రహస్య నిఘా సమాచారము ఒక్కటే ఆధారముగా ఎన్నికను రద్దు చేయరాదని, రుజువు ప్రజల ముందు ఉండాలని దాని సారాంశము. ఆ మాట న్యాయమైనదే. ఒక్కసారి ఆ ఓటరు స్థానములో నిలిచి చూడండి. ఎవరి మాయలోను పడక, తన మనస్సాక్షి ప్రకారము ఓటు వేసిన పల్లెటూరి రైతు ఓటు కూడ ఆ 94 లక్షలలో కలిసి కొట్టుకుపోయింది. ఆయన చేసిన నేరమేమిటి? మోసము జరిగితే నష్టపోయేది ఆయనే. మోసమును సరిదిద్దబోతే నష్టపోయినదీ ఆయనే.

2025 మార్చిలో జార్జెస్కు పోటీకి అనర్హుడని తీర్పు వచ్చింది. మే నెలలో మరల ఎన్నిక జరిగింది. మే 18న జరిగిన చివరి విడతలో బుకారెస్ట్ నగర మేయరు నికుషోర్ దాన్ సుమారు 53.6 శాతము ఓట్లతో జార్జ్ సిమియోన్ మీద గెలిచారు. అందులో ఒక మంచి సూచన ఉన్నది. రద్దయిన ఎన్నికలో ఓటు వేసినవారు నూటికి 53 మంది లోపు ఉండగా, ఈ చివరి విడతలో నూటికి సుమారు 65 మంది వచ్చి వేశారు. ప్రజలు విసిగి ఇంట కూర్చోలేదు. విదేశాలలో ఉన్న రొమేనియనులు సుమారు 16 లక్షల మంది ఓటు వేశారు. వారిలో ఎక్కువమంది ఓడిన సిమియోన్‌కే వేశారు. ఒకే కుటుంబములో ఊరిలో ఉన్నవారు ఒక దారి, పొట్టకూటికి ఇటలీకో, స్పెయిన్‌కో వెళ్ళినవారు ఒక దారి అయిన ఇండ్లు ఎన్ని ఉన్నవో మనము ఊహించుకోవచ్చును.

చట్టము కూడ మెల్లగా మేలుకొన్నది. టిక్‌టాక్ మీద ఐరోపా కమిషను 2024 డిసెంబరు 17న విచారణ మొదలుపెట్టింది. రాజకీయ ప్రకటన మీద అది ప్రకటన అని, దానికి డబ్బు ఎవరు ఇచ్చారని స్పష్టముగా చూపాలనే ఐరోపా సమాఖ్య నిబంధన 2025 అక్టోబరు 10 నుండి అమలులోకి వచ్చింది. ఎన్నికకు ముందు మూడు నెలలు సమాఖ్య బయటివారి సొమ్ముతో ప్రకటనలు వేయరాదు. మన కరపత్రము అడుగున ఉండే పేరును వారు తెరమీదికి తెచ్చారన్నమాట. గూగుల్, ఫేస్‌బుక్కు యజమాని మెటా అయితే ఆ దేశాలలో రాజకీయ ప్రకటనలనే మానుకున్నాయి. అయితే డబ్బు పుచ్చుకొని కూడ మామూలు మనిషివలె మాట్లాడేవానిని ఈ నిబంధన పట్టుకొనుట కష్టమే. రొమేనియాలో జరిగిన పనిలో పెద్ద భాగము అటువంటిదే.

మన ఇంటి సంగతి

మన చట్టము విదేశములో ఉన్న భారత పౌరునికి ఓటు ఇచ్చింది. 2011 నుండి వారు ఫారం 6ఏ ద్వారా తమ సొంత ఊరి జాబితాలో పేరు చేర్చుకోవచ్చును. కాని ఓటు వేయుటకు పాస్‌పోర్టుతో స్వయముగా రావాలి. అందువలన కువైటులో పనిచేసే మన అక్క, దుబాయిలో ఉన్న తమ్ముడు, అమెరికాలో ఉన్న కుమారుడు చాలాసార్లు ఓటు వేయలేరు. వారి ఓటు రాలేదు గాని వారి ఫోను నుండి మాటలు, వీడియోలు ప్రతిదినము వస్తున్నాయి. ఊరి మీద మమకారముతో పంపుతారు. అందులో తప్పు లేదు. అసలు చిక్కు మరొకచోట ఉన్నది.

కరపత్రములో వ్రాసినవారి పేరు ఉంటుంది, పంచినవాని పేరు ఉండదు. ఫోనులో ఇది తలక్రిందులైంది. పంపినవారి పేరు పైన పెద్దగా కనిపిస్తుంది, వ్రాసినవారి పేరు ఎక్కడా ఉండదు. “మా అబ్బాయి పంపాడు” అని తల్లి నమ్ముతుంది. అబ్బాయికి ఎవరు పంపారు? అతని గదిలో ఉండే స్నేహితుడు. ఆ స్నేహితునికి? ఎవరికీ తెలియదు. వెలెస్ కుర్రవాడు వ్రాసినా, డబ్బుకు కుదిరినవాడు వ్రాసినా, మన ఇంటి గడప దాటే వేళకు దాని మీద మన బిడ్డ పేరు ఉంటుంది. అబద్ధమునకు మన రక్తసంబంధమే ముద్రాపకుడైంది. అందుకే అది తొందరగా నమ్మబడుతుంది. అందుకే అబద్ధమని తెలిసిన తరువాత అన్నదమ్ముల మధ్య మాటలు తెగిపోతాయి.

కాబట్టి ఇంటిలో కొన్ని అలవాట్లు పెట్టుకొందాము. వాట్సాప్‌లో ఐదు చేతులైనా దాటి వచ్చినదానికి రెండు బాణాల గుర్తు ఉంటుంది. పిల్లలను ఎత్తుకుపోయేవారని పుకార్లు పుట్టి అమాయకుల ప్రాణాలు పోయిన తరువాత, 2018లో ఆ సంస్థ మన దేశములో ఫార్వార్డులకు హద్దు పెట్టింది. అంతగా తిరిగినదానిని 2020 నుండి ఒక్కసారికి ఒక్కరికే పంపగలము. ఆ రెండు బాణాలు కనబడితే ఇది మన బిడ్డ మాట కాదని గ్రహించండి. మీ కుమారుని కోపగించుకోకుండా “నాయనా, ఇది నువ్వు వ్రాశావా, నీకెవరు పంపారు?” అని ఒక్క మాట అడగండి. పోలింగు తేదీ మారిందని, ఫలానావారి ఓట్లు తీసివేశారని వస్తే ఊరిలోని బూత్ స్థాయి అధికారిని గాని, 1950 నంబరును గాని అడగండి. ఎన్నికల నియమాల ఉల్లంఘన కనబడితే ఎన్నికల సంఘమువారి సి-విజిల్ ద్వారా ఫిర్యాదు చేయవచ్చును.

అన్నిటికంటె ముఖ్యముగా ఆ చివరి 48 గంటలు జాగ్రత్త. ఆ సమయములో నియమము తప్పిన ప్రచారమును ఎన్నికల సంఘము ఆదేశించిన మూడు గంటలలో తొలగిస్తామని సామాజిక మాధ్యమాల సంస్థలు 2019లో మాట ఇచ్చాయి. కాని మూడు గంటలలో ఒక మాట ఎన్ని ఊళ్ళు తిరుగుతుందో మీకు తెలుసు. ఆ రెండు దినములు వచ్చిన క్రొత్త నిందను, క్రొత్త రికార్డింగును నమ్మకండి, పంపకండి. మైకు ఆగిపోయినట్లు మన ఫోను కూడ ఆగనీయండి. నిజమైతే అది రెండు దినముల తరువాత కూడ నిజముగానే ఉంటుంది.

తిమిషోరాలో ఆ సంఘస్థులు చలిలో నిలబడినప్పుడు ప్రక్కన నిలిచినది ఎవరో వారికి తెలుసు, ముఖాలు కనబడినవి. ఓటు అటువంటి ధైర్యము నుండి పుట్టింది. ముఖము లేనివారి మాట విని దానిని వేయకండి. ఎవరికి వేయాలో చెప్పుట ఈ శీర్షిక పని కాదు. అది మీ ఇష్టము. ఏ మాటను నమ్మి వేస్తున్నారో, ఆ మాట చెప్పినవాని పేరు మాత్రము తెలుసుకొని వేయండి.